చాడీల వేళ

ఒకరి సంగతులు ఒకరు అత్తగారి చెవిన వెయ్యకూడదని పదహారేళ్ళ కిందట మేడమెట్ల కింద నిలబడి ఒట్టేసుకున్న తోడికోడళ్ళు ఇద్దర్ని, రోజూ పొద్దున్నే ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పక తప్పని చోట కూర్చోబెడితే ఏమవుతుంది? అదే చెప్పబోతున్నాను. కానీ ముందు ఆ ఒట్టు సంగతి వినాలి. అది తెలియకపోతే ఇదంతా ఉత్త కొండెక్కిన కబురు అనుకుంటారు.

ఆ ఇంట్లో పెద్దకోడలి కాపురం మేడ మీద, చిన్నకోడలి కాపురం కింద. అత్తగారి కుర్చీ సరిగ్గా మెట్ల మొదట్లో. ఎవరు ఎక్కినా దిగినా ఆవిడ మోకాళ్ళు తగలకుండా పోవడానికి లేదు. ఆవిడ చెడ్డమనిషేం కాదు, కానీ కబుర్లు లేకపోతే ముద్ద దిగదు. పైనుంచి పెద్దకోడలు దిగితే చిన్నదాని సంగతి అడిగేది, వంటింట్లోంచి చిన్నకోడలు వస్తే పెద్దదాని సంగతి అడిగేది. మొదటి ఏడాది ఇద్దరూ ధారాళంగా చెప్పారు. దాంతో అన్నదమ్ములు కూడా ముఖాలు చూసుకోని పరిస్థితి వచ్చింది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్దకోడలు ఆఫీసు ఎగ్గొట్టి సినిమా చూసి, పిల్లిలా పెరటి గుమ్మంలోంచి వచ్చింది. వచ్చేసరికి మెట్ల కింద చిన్నకోడలు, మామగారి గది లాంతరు గాజు పగలగొట్టి, ఆ ముక్కలు పాత పేపర్లో చుడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నేను నిన్ను చూడలేదు. నువ్వు నన్ను చూడలేదు" అంది పెద్దకోడలు.

అంతే. ఆ రోజు నుంచి అత్తగారు ఎన్ని రకాలుగా గుచ్చి అడిగినా ఇద్దరి దగ్గరా ఒకటే జవాబు: "బాగానే ఉంది అత్తయ్యా." జ్వరమొచ్చినా బాగానే ఉంది, మొగుడితో మాటల్లేకపోయినా బాగానే ఉంది. చెప్పొద్దూ, ఆ రెండు ముక్కల మీదే ఆ ఇల్లు పదహారేళ్ళు నిలబడింది.

పెద్దకోడలు పార్సిళ్ళు వేరుచేసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎత్తైన బల్ల, దాని వెనక గోడ నిండా నంబర్లు వేసిన గూళ్ళు, బల్ల మీద గుట్టగా పొట్లాలు. చిరునామా చదివినట్టే ఉండదు, పొట్లం వెళ్ళి దాని గూట్లో పడుతుంది. ఇరవై రెండేళ్ళలో తన చేత్తో ఒక్క పార్సిలూ తప్పు గూట్లో పడలేదని ఆవిడకి గొప్ప. ఆ గొప్ప ఇంట్లో కూడా చూపించేది. ఉప్పు డబ్బా అంగుళం జరిగితే ఊరుకునేది కాదు. నడక అయినా, లెక్క అయినా, మాట అయినా అన్నిట్లోనూ ముందు ఆవిడే. చిన్నకోడలు పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ వెనక రెండడుగుల దూరంలో నడుస్తూ వస్తోంది.

రెండేళ్ళ కిందట పెద్దకోడలికి కొండ పిచ్చి పట్టింది. కొత్తవాళ్ళకి నేర్పించి, మంచు కొండల మీదికి తీసుకెళ్ళే ఒక సంస్థలో చేరి, వెళ్ళి, పదిహేను రోజులకి తిరిగొచ్చింది. ఏమైందని అడిగితే వాతావరణం బాగోలేక వెనక్కి పంపేశారని చెప్పి మేడెక్కిపోయింది. చిన్నకోడలు ఇంకో మాట అడగలేదు.

మళ్ళీ ఈ ఏడాది ఒకరోజు భోజనం వేళకి పెద్దకోడలు చిన్నకోడలు పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి వచ్చింది. చిన్నకోడలి పని అద్దాలు అమర్చడం, ముక్కు మీదా చెవుల వెనకా ఎక్కడ నొక్కుకుంటోందో చూసి ఫ్రేము వంచి సరిచేయడం, గోడ మీది అక్షరాల పట్టీ చదివించడం. బేరాలకొచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుని పెద్దకోడలు సూటిగా అడిగింది. ఆ సంస్థవాళ్ళు జంటగా వస్తేనే చేర్చుకుంటారట. ఒకే టెంటు, ఒకే తాడు, ఇద్దరిలో ఒకరు దిగిపోతే రెండోవారూ దిగిపోవాల్సిందే. నువ్వు రావాలి, అంది.

ఇంతమంది స్నేహితురాళ్ళుండగా తననే అడిగిందని చిన్నకోడలు పొంగిపోయింది. ఆమె మొగుడు, మేడ మీద బట్టలారేసి వస్తేనే ఆయాసపడతావు, నీకెందుకే కొండలు అని నవ్వాడు. ఆ నవ్వు కాస్తా పనిచేసింది. నాలుగు నెలలు వీపున నీళ్ళ సీసాల బ్యాగు కట్టుకుని, అత్తగారి కుర్చీ పక్కనుంచి మేడమెట్లు రోజుకి అరవై సార్లు ఎక్కి దిగింది. అత్తగారు ఆ నాలుగు నెలలూ మోకాళ్ళు పక్కకి తిప్పుకుని కూర్చుంది.

కొండ కింద మొదటి క్యాంపులో పదిమంది, ఐదు టెంట్లు. వాళ్ళని నడిపించే ఆవిడని అందరూ గైడమ్మ అనేవారు. యాభై దాటిన సన్నపాటి మనిషి, ఎండకి మాడిన ముఖం, తక్కువ మాటలు. మొదటి రోజు పొద్దున్నే అందర్నీ టీ గ్లాసులతో గుండ్రంగా కూర్చోబెట్టి ఒక పద్ధతి చెప్పింది. పైకి పోయేకొద్దీ గాలి పలచన అవుతుంది. కొందరికి తలనొప్పి, వాంతులు వస్తాయి. అక్కడితో ఆగితే ఫరవాలేదు. ఆగకుండా మెదడుకి వాపు వస్తే మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది, వెంటనే కిందికి దించకపోతే ప్రాణం పోతుంది. ఈ సంగతి ఎవరికి వాళ్ళు చెప్పరు. ఎక్కాలన్న ఆశ చెప్పనివ్వదు. అందుకని నేను ఎవర్నీ మీకెలా ఉందని అడగను. రోజూ పొద్దున్నే మీ టెంటులో ఉన్న రెండోమనిషి ఎలా ఉన్నారని అడుగుతాను. తిన్నారా, నిద్రపోయారా, వాంతి చేసుకున్నారా, మాట సరిగా ఉందా, మీరు చెప్పాలి. ఇదీ ఆవిడ పద్ధతి.

గుంపులో ఒక పళ్ళ డాక్టరున్నాడు, నోట్లో నువ్వుగింజ నానని రకం. అయితే ఇది చాడీల వేళన్నమాట అన్నాడాయన. అందరూ పగలబడి నవ్వారు. ఆ పేరే ఉండిపోయింది. తోడికోడళ్ళిద్దరూ మాత్రం నవ్వలేదు, గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం టెంటులో సామాన్లు సర్దుకుంటూ పెద్దకోడలు అసలు సంగతి బయటపెట్టింది. రెండేళ్ళ కిందట తనని దింపేసింది వాతావరణం కాదు. తన టెంటులో ఒక లైబ్రేరియన్ ఉండేది. ఆవిడ పొద్దున్నే గైడమ్మ ముందు కూర్చుని, ఈమె దగ్గుతోంది అని చెప్పింది. ఉత్త దగ్గు. ఇంకా నాలుగొందల మీటర్లుంది శిఖరం, కంటి ముందు కనిపిస్తోంది. దింపేశారు.

"అందుకే ఈసారి నిన్ను తెచ్చుకున్నాను. నీ నోరు దాటి ఏదీ బయటికి రాదని నాకు తెలుసు" అంది.

చిన్నకోడలికి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ప్రేమతో పిలిచింది కాదన్నమాట, నోరు విప్పదని పిలిచింది. అయినా ఆ మాటలో నమ్మకం కూడా ఉంది కదా అని సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోవడం ఆమెకి అలవాటే.

ఆ తర్వాత నాలుగు రోజులు ఒక వింత జరిగింది. చిన్నకోడలికి కొండ పట్టుబడింది. బూట్ల కింద ఇనుప ముళ్ళు కట్టుకుని మంచు మీద అడుగు వెయ్యడం ఆమెకి ఫ్రేము వంచినంత సుళువుగా వచ్చేసింది. ఎంత నొక్కితే నిలబడుతుందో, ఎంత నొక్కితే విరుగుతుందో ఆమె పాదాలకి తెలిసిపోయింది. గైడమ్మ అందర్నీ ఆపి, అదిగో ఆవిడ అడుగులు చూడండి, అలా వెయ్యాలి అంది. పెద్దకోడలు తాడుకి అటు చివర ఆయాసపడుతూ చూసింది. పదిహేడేళ్ళ కాపురంలో చిన్నకోడలు ఆవిడకి ముందు నడవడం అదే మొదటిసారి. ఇంకా చెప్పాలంటే, ఆవిడ ఇంకాస్త వెనకబడితే బాగుండు అని కూడా చిన్నకోడలు ఒక్క క్షణం అనుకుంది. అనుకుని, ఛీ అనుకుంది.

దేవుడు ఊరికే ఏదీ ఇవ్వడన్నట్టు, రెండో క్యాంపులో చిన్నకోడలి ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. మర్నాటికి చితికింది. సాక్సుకి అంటిన రక్తాన్ని టెంటు వెనక కూర్చుని మంచుతో కడుగుతుంటే పెద్దకోడలు చూసింది. నేను చూడలేదులే, అని తల తిప్పుకుంది. మర్నాడు చాడీల వేళ గైడమ్మ అడిగితే బాగానే ఉందని చెప్పింది. ఒట్టంటే ఒట్టే.

మూడో క్యాంపు, అంటే అన్నిటికన్నా పైది, ఐదు వేల మీటర్ల పైచిలుకు. మంగళవారం మధ్యాహ్నం చేరారు. బుధవారమంతా విశ్రాంతి, గురువారం తెల్లవారకముందే శిఖరానికి బయల్దేరడం. తల ఎత్తితే శిఖరం అక్కడే ఉంది, మేడ మీద పిట్టగోడంత దగ్గరగా. పెద్దకోడలు చేరగానే పడుకుంది. సూప్ తెచ్చిస్తే ఒక చెంచా తాగి పక్కన పెట్టింది.

బుధవారం తెల్లారాక చిన్నకోడలు కళ్ళు తెరిచేసరికి పెద్దకోడలు లేచి కూర్చుని గ్లౌజులు తొడుక్కుంటోంది. కుడిచేతి గ్లౌజు ఎడమచేతికి. తీసింది. మళ్ళీ అదే చేతికి తొడిగింది. మళ్ళీ తీసింది. కాసేపటికి ప్లాస్టిక్ సంచీ నోటికి అడ్డం పెట్టుకుని వాంతి చేసుకుంది, మూతి తుడుచుకుంది, సంచీ ముడేసి మూలకి తోసింది. తర్వాత నెమ్మదిగా గొణగడం మొదలుపెట్టింది. బుధవారం, మూడో క్యాంపు, పదిమందిమి. బుధవారం, మూడో క్యాంపు, పదిమందిమి. నాలుగోసారికి ఆగి, "ఇవాళ ఏ వారం అనాలే?" అని అడిగింది.

చిన్నకోడలు దిగ్గున లేచి కూర్చుంది. షాపులో అక్షరాల పట్టీ చదవలేని వాళ్ళు అచ్చం ఇలాగే చేస్తారు. ముందు కూర్చున్నవాళ్ళు చదువుతుంటే విని బట్టీపట్టి, తమ వంతు రాగానే అప్పజెప్పేస్తారు. అక్షరం కనపడక కాదు, కనపడటం లేదని తెలిసిపోతుందని భయం. ఆమె బుధవారమని చెప్పింది. గ్లౌజులు తనే తొడిగింది. మూలనున్న సంచీ తీసుకెళ్ళి దూరంగా పారేసి వచ్చింది.

చాడీల వేళ వచ్చింది. గైడమ్మ ఒక్కొక్కరి వేలికి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న మిషను తగిలించి అంకె చూస్తూ, పక్కవారి సంగతి అడుగుతూ వస్తోంది. పెద్దకోడలి అంకె కాస్త తక్కువే, అయినా ఆ ఎత్తులో చెల్లే అంకె. గైడమ్మ చిన్నకోడలి వైపు తిరిగింది.

"మీ అక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అంది చిన్నకోడలు. పదహారేళ్ళ అలవాటు, మాట దానంతటదే వచ్చేసింది. తిన్నదా అంటే తిన్నదని, పడుకుందా అంటే పడుకుందని చెప్పింది. గైడమ్మ ఆమె ముఖంలోకి రెండు క్షణాలు చూసి, పళ్ళ డాక్టరు దగ్గరికి జరిగింది. పెద్దకోడలు చేత్తో చిన్నకోడలి మోకాలి మీద చిన్నగా తట్టింది. శభాష్ అన్నట్టు.

ఆ తట్టిన చోటు ఆ రోజంతా మండుతూనే ఉంది అంటే నమ్ముతారా? మిగతావాళ్ళు ఎండలో చాపలు పరుచుకుని పేకాడుతున్నారు, తాళ్ళు ఆరబెడుతున్నారు, బూట్ల ముళ్ళు నూరుకుంటున్నారు. చిన్నకోడలు మాత్రం కాలుగాలిన పిల్లిలా క్యాంపు చుట్టూ తిరిగింది. నిండిన నీళ్ళ సీసాలు ఒంపేసి మళ్ళీ నింపింది. టెంటు జిప్పు తీసి చూసింది, వేసింది, పది అడుగులు వేసి మళ్ళీ వచ్చి తీసి చూసింది. పెద్దకోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. నీళ్ళు కావాలా అంటే, ఇప్పుడే తాగాను కదా అంది. తాగలేదు.

చెబుదామనుకుంటుంది. గైడమ్మ టెంటు దాకా వెళుతుంది, వెనక్కి వస్తుంది. ఎందుకంటే, ఇక్కడ ఇంకో ముల్లు ఉంది. ఆ రోజు ఆవిడ వెనకబడితే బాగుండునని అనుకున్నది తనే కదా. ఆ పాడుబుద్ధే ఇప్పుడు లేని జబ్బు చూపిస్తోందేమో. తలనొప్పి అందరికీ ఉంది, డాక్టరు కూడా పొద్దున వాంతి చేసుకున్నాడు. రెండేళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూసిన మనిషిని, ఉత్త అసూయతో దింపేస్తే ఆ పాపం ఎక్కడ పెట్టుకోవాలి? పైగా ఆవిడ దిగితే తనూ దిగాలి. శిఖరం తనకీ కావాలి. ఎంత కావాలో ఆ క్షణంలోనే తెలిసింది. కానీ చెప్పకుండా ఊరుకుని, రేపు శిఖరం కింది మంచు గోడ మీద ఆవిడ తూలితే? ఈ నాలుగు ఆలోచనలూ గానుగెద్దులా ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి, ఒక్కటీ ఆగదు.

మధ్యాహ్నం మూడయింది. మొదటి క్యాంపు నుంచీ తిండి పొట్లాలు టెంటుకో సంచీ చొప్పున సర్దే పని గైడమ్మ పెద్దకోడలికే అప్పజెప్పింది. ఆవిడ చేతి వేగం చూసి అందరూ ముచ్చటపడేవారు. ఆ రోజు కూడా ఆవిడ లేచి వచ్చి, ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేసిన సంచీల ముందు కూర్చుంది. పొట్లాలన్నీ మూడో సంచీలో వేసింది. తీసి కింద పెట్టింది. మళ్ళీ అన్నీ మూడో సంచీలోనే వేసింది. మళ్ళీ తీసింది.

ఏమండీ, ఇవాళ పోస్టాఫీసుకి సెలవా అన్నాడు పళ్ళ డాక్టరు. అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది, కానీ అందరి నవ్వులూ అయిపోయాక. నవ్వి, ఒక పొట్లం చేతిలోకి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ దాని మీద లేని చిరునామా కోసం వెతికింది.

వాళ్ళకి అది తమాషా. ఇరవై రెండేళ్ళలో ఆ చేయి ఒక్కసారీ తప్పలేదని వాళ్ళకేం తెలుసు? తెలిసింది ఒక్క మనిషికే. చిన్నకోడలి గానుగ ఆగిపోయింది. అసూయ ఉంటే ఉండనీ, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆమె తిన్నగా గైడమ్మ దగ్గరికి నడిచింది.

"అక్క బాగోలేదు. పొద్దున నేను అబద్ధం చెప్పాను."

గైడమ్మ తిట్టలేదు. ఎప్పట్నుంచి, ఏమేం చేసింది అని మాత్రం అడిగింది. గ్లౌజులు, వాంతి, వారం పేరు, తాగని నీళ్ళు, అన్నీ చెప్పింది చిన్నకోడలు. పదహారేళ్ళుగా మూసిన నోరు తెరుచుకుంటే ఎంత వేగంగా వస్తాయో మాటలు. గైడమ్మ పెద్దకోడల్ని లేవదీసి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వెయ్యమంది. మూడో అడుగుకి తూలింది, నాలుగో అడుగుకి గైడమ్మ చేతుల్లో పడింది.

అప్పుడు చూసింది పెద్దకోడలు, చిన్నకోడలి వైపు. తల పనిచేయకపోయినా ఆ ఒక్క సంగతి మాత్రం అర్థమైంది ఆవిడకి.

"లైబ్రేరియన్ నయం. ఆవిడ నాకేమీ కాదు" అంది.

చిన్నకోడలు నిలువునా నీరయిపోయింది. ఏడవడానికి కూడా టైము లేదు. ఇంజెక్షను ఇచ్చారు, ఆక్సిజన్ తగిలించారు, పావుగంటలో తాడు కట్టారు. ముందు దారి చూస్తూ చిన్నకోడలు, మధ్యలో పెద్దకోడలు, తాడు బిగించి పట్టుకుని వెనక, గైడమ్మకి సాయంగా వచ్చిన రెండో గైడు. మూడు గంటల దిగుడు. ప్రతి అడుగుకీ బూటు లోపల చితికిన మడమ కారం రాసినట్టు మండుతోంది. నొప్పి తెలిస్తే నడక మందగిస్తుందని, నడక మందగిస్తే ఆవిడకి ప్రమాదమని, పళ్ళు బిగించి నడిచింది. వెనకనుంచి పెద్దకోడలు ఒక్కసారే మాట్లాడింది, సాయంత్రం బండి వచ్చిందా, పొట్లాలు ఎక్కించారా అని. ఎక్కించారు అక్కా, అంది చిన్నకోడలు వెనక్కి తిరగకుండా. రెండో క్యాంపు చేరేసరికి ఇంకా వెలుతురుంది.

తెల్లవారేసరికి పెద్దకోడలు మనిషయింది. తనంతట తను టెంటులోంచి వచ్చి, వేడినీళ్ళ గ్లాసు రెండు చేతులా పట్టుకుని రాయి మీద కూర్చుంది. అన్నీ గుర్తొచ్చాయని ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది.  ఎదురుగా ఉన్న మనిషి అద్దమైనట్టు చిన్నకోడలిలోంచి అవతలి కొండని చూస్తోంది.

రెండో క్యాంపు చూసుకునేది గైడమ్మ తమ్ముడు. ఇంకో గుంపుని తీసుకుని ఆ పొద్దున్నే పైకి పోతున్నాడు. అందులో ఒక మందుల షాపావిడ తోడు జ్వరమొచ్చి కిందే ఆగిపోయిందట, ఆవిడ ఒంటరిగా మిగిలింది. నిన్న మీరు దిగడం చూశాను, అన్నాడాయన చిన్నకోడలితో. మీ అక్కకి ఇక భయం లేదు, ఇక్కడ మనుషులున్నారు. మీకిష్టమైతే ఆవిడకి తోడుగా పైకి రండి, రేపు కాకపోతే ఎల్లుండి శిఖరం మీద ఉంటారు.

 చిన్నకోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది, పెద్దకోడలి ముఖం చూసి సిగ్గేసింది, సిగ్గేసినా ఆశ చావలేదు. వస్తానని చెప్పేసింది. అయితే పద్ధతి పద్ధతే కదా. గైడమ్మ తమ్ముడు పెద్దకోడలి వైపు తిరిగాడు.

"ఈవిడ ఎలా ఉన్నారమ్మా?"

పెద్దకోడలు గ్లాసులోని నీళ్ళు నెమ్మదిగా ఒక గుక్క తాగింది. బాగానే ఉంది అనే రెండు ముక్కల కోసం చిన్నకోడలు ఆవిడ నోటివంకే చూస్తోంది.

"ఎడమ మడమ చితికిపోయింది. నాలుగు రోజులైంది. రక్తం కారితే టెంటు వెనక కూర్చుని కడుక్కుంది. నిన్న దిగేటప్పుడు ఎడమకాలి మీద బరువు వెయ్యలేదు, వెనకే ఉన్నాను, చూశాను. రాత్రి కన్ను మూతపడలేదు. నిన్న మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు."

నాలుగు రోజులైతే ముందే చెప్పలేదేమండీ అని ఆయన తెల్లబోయాడు. ఆవిడ నా తోడికోడలు, అంది పెద్దకోడలు, అంతకన్నా చెప్పడానికి ఏమీ లేనట్టు. బూటు విప్పమన్నారు. సాక్సు మడమకి అతుక్కుపోయి ఉంది. నీళ్ళు పోసి ఊడదీస్తే ఎర్రగా రూపాయి బిళ్ళంత పుండు. ఈ కాలితో గడ్డకట్టిన బూటులో పైకి పోతే వేళ్ళు కూడా మిగలవు అన్నాడాయన. పది నిమిషాల్లో ఆ గుంపు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. మందుల షాపావిడని తన తాడుకే కట్టుకున్నాడు.

చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఒక కాలికి బూటు, రెండో కాలు బోసిగా, కుంటుకుంటూ వెళ్ళి దూరంగా బండ మీద వీపు తిప్పి కూర్చుంది. కక్ష తీర్చుకుంది, అనుకుంది. నేను ప్రాణం కాపాడితే నాకు కాలు అడ్డం పెట్టింది. ఆ మాట అనుకోగానే ఇంకో మాట తగిలింది. నిన్న మధ్యాహ్నం ఆవిడా నన్ను ఇలాగే అనుకుని ఉంటుంది కదా.

వెనక నెమ్మదిగా అడుగుల చప్పుడు. పెద్దకోడలు మందుల డబ్బాతో వచ్చి, అడగకుండానే కింద కూర్చుని, ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకుంది.

"కోపంతోనే చెప్పాను. లేనిది మాత్రం చెప్పలేదు" అంది తల ఎత్తకుండా.

 చిన్నకోడలు మొత్తం చెప్పేసింది. గైడమ్మ తన అడుగులు మెచ్చుకున్న రోజు, అక్క వెనకబడితే బాగుండునని అనుకున్నానని. ఆ పాడు ఆలోచన వల్లే నిన్న పొద్దున నోరు రాలేదని, జబ్బు నిజమో తన బుద్ధి పుట్టించిందో తేల్చుకోలేక సగం రోజు తిరిగానని. ఆ సగం రోజులో నీకేమన్నా అయ్యుంటే ఏమయ్యేదానినో తెలియదు అక్కా, అని ఏడ్చింది.

పెద్దకోడలు పుండు చుట్టూ దూదితో తుడుస్తూ విన్నది.

"నేను వెనకబడితే సంతోషం ఎంతసేపు?" అని అడిగింది.

"ఒక్క క్షణం."

"నేనేం నీకంటే నయం కాదు. నీ మడమ చూసిన రోజు నుంచీ నాకు లోపల సంతోషంగానే ఉంది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. నవ్వి నవ్వి పెద్దకోడలికి మళ్ళీ తలనొప్పి వచ్చింది, అయినా నవ్వింది. తర్వాత డబ్బాలోంచి మందు, దూది, పట్టీ, కత్తెర తీసి ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టింది. ఏదీ తప్పు చోట పెట్టలేదు. చిన్నకోడలు ఆ చేతుల వైపే చూసింది, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. పట్టీ కట్టడం పూర్తయ్యాక, ఇక నుంచి కొండ మీద ఒకరి సంగతి ఒకరం చెప్పుకుందాం, ఇంట్లో మాత్రం పాత ఒట్టే, అంది పెద్దకోడలు. చిన్నకోడలు సరేనంది.

రెండో రోజు మధ్యాహ్నానికి సిగ్నలు అందే చోటికి దిగారు. చిన్నకోడలు కర్ర ఊతగా కుంటుతోంది, పెద్దకోడలు ముఖం ఇంకా ఉబ్బి ఉంది. ఫోను మోగింది. అత్తగారు. ముందు పెద్దకోడలు తీసుకుంది. చిన్నది ఎలా ఉందని ఆవిడ ఆత్రంగా అడగడం పక్కకి వినిపిస్తోంది. పెద్దకోడలు చిన్నకోడలి కాలి కట్టు వైపు ఒక చూపు చూసి, బాగానే ఉంది అత్తయ్యా అంది. ఫోను చేతులు మారింది.

"నువ్వయినా నిజం చెప్పు. పెద్దది ఎలా ఉంది? ఏదో అయిందని నా మనసు చెబుతోంది" అంది అత్తగారు.

పెద్దకోడలు కిందికి వంగి, చిన్నకోడలి బ్యాగు కూడా తన భుజానికి తగిలించుకుంటోంది. చిన్నకోడలు వద్దని చెయ్యి ఊపింది, ఆవిడ వినిపించుకోలేదు. చిన్నకోడలు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"బాగానే ఉంది అత్తయ్యా" అంది.